యాభై ఆరేళ్లకు మా అన్నయ్య కొన్న మొదటి కత్తి

మా అన్నయ్య ఇల్మరికి యాభై ఆరేళ్లు వచ్చేదాకా సొంత కత్తి లేదు. ఉత్తరాన మంచుదేశంలోని మా లత్వాల ఊళ్లో పుట్టి ఈ మాట చెప్పుకోవాలంటే నాకు నామోషీగా ఉంటుంది. ఇక్కడ పిల్లలకు ఏడేళ్లు రాగానే నడుముకు కత్తి కడతారు. కత్తి లేకుండా అడవిలోకి వెళ్లేవాడిని, ప్యాంటు లేకుండా చర్చికి వచ్చినవాడిని చూసినట్టు చూస్తారు.

అన్నయ్యకూ ఏడో ఏట కట్టారు. కట్టిన మధ్యాహ్నమే ఈయనగారు కొమ్మ చెక్కబోయి బొటనవేలు కోసుకుని, నెత్తురు చూసి, మా నాన్న బూట్ల మీద పడి మూర్ఛపోయాడు. అమ్మ ఆ కత్తిని పిండి డబ్బాలో దాచేసింది. రెండేళ్ల తర్వాత అదే కత్తి నాకు కట్టారు. నేను మూర్ఛా పోలేదు, ముక్కూ చీదలేదు. ముప్పై ఏళ్లు బడిలో వంట చేసి, ఆ కత్తితో ఎన్ని వందల కిలోల చేపలు శుభ్రం చేశానో దేవుడికే తెలియాలి. అన్నయ్య మాత్రం అప్పట్నుంచీ పక్కవాడి కత్తి అడిగి తీసుకుంటూ బతికేశాడు.

మనిషి చెడ్డవాడు కాదు. పాల ట్యాంకరు నడుపుతాడు. పెళ్లి కాలేదు, నాదీ అదే సంగతి, మా అమ్మానాన్నల ఇంట్లోనే ఇద్దరం రోజూ పోట్లాడుకుంటూ ఉంటాం. రోజు విడిచి రోజు సైమి వాళ్ల పశువుల కొట్టం దగ్గర ట్యాంకరు ఆపుతాడు. సైమి ముప్పై ఆవుల్ని ఒంటిచేత్తో చూసుకునే మనిషి, తుపాకీ గురి మా ఊళ్లో అందరికంటే బాగా కుదిరేది కూడా ఆవిడకే. మా అన్నయ్యకు ఆవిడంటే ఇరవై ఏళ్లుగా ప్రాణం. ఈ సంగతి ఊరంతటికీ తెలుసు, ఆవులకూ తెలుసు. ఆవిడతో ఈయన మాట్లాడేది మాత్రం ఇది:

"నాలుగు డిగ్రీలు," అంటాడు, పాల తొట్టిలో థర్మామీటరు చూసి.

"నాలుగా? బాగానే ఉంది," అంటుంది సైమి.

"మొన్న మూడున్నర."

"అవును. మూడున్నర."

అంతే. ఇంటికొచ్చి బూట్లు విప్పుతూ, "ఇవాళ సైమి చాలాసేపు మాట్లాడిందే మార్తా," అని మురిసిపోతాడు. నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించేది.

ఆవిడ పక్కన నాలుగు నిమిషాలకంటే ఎక్కువసేపు కూర్చునే అవకాశం అన్నయ్యకు ఏడాదికి ఒక్కసారే వస్తుంది. అది అక్టోబరులో ఎల్క్ దుప్పుల వేట. ప్రతి శనివారం పద్నాలుగు మందిమి అడవిలో మంట వేసుకుని కూర్చుంటాం. వేట నాలుగోవంతు, సాసేజ్‌లు కాల్చుకుని కాఫీ తాగడం మూడువంతులు. పెద్ద గరిటె నా చేతిలో ఉంటుంది. మంట దగ్గర ఒక దుంగ మీద సైమి, ఆవిడ పక్కన అన్నయ్య. "సైమీ, కత్తి ఒకసారి ఇస్తావా?" అంటాడు. ఆవిడ ఇస్తుంది. సాసేజ్ కోసుకుంటాడు. కాసేపటికి తిరిగిస్తాడు. ఇరవై ఏళ్లుగా ఇదే తంతు.

ఈ తంతుకు గండం పోయిన ఏడాది వచ్చింది. వేట బృందానికి పెద్ద అయిన రైమో దగ్గర వాళ్ల తాతగారి కత్తి ఉండేది. చుట్టపుచూపుగా వచ్చిన ఒకడు అది అడిగి తీసుకుని, డబ్బా మూత తీయబోయి మొన విరిచిపెట్టాడు. రైమో ఏడ్చినంత పని చేశాడు. ఆనక లేచి నిలబడి, కొత్త నియమం పెట్టాడు.

"వచ్చే ఏడు నుంచి ఎవడూ ఎవడికీ కత్తి అరువివ్వడానికి వీల్లేదు. సొంత కత్తి లేనివాడు మంట దగ్గర కూర్చోకూడదు. ఎర్రజెండా పట్టుకుని రోడ్డు మీద నిలబడి కార్లు ఆపాలి."

అందరూ మా అన్నయ్య వైపు చూశారు. అన్నయ్య తన కాఫీ గ్లాసు అడుగున ఏదో వెతుక్కుంటున్నాడు.

దానికి తోడు ఈ జూలైలో చిత్తడినేలలో పళ్లు ఏరడానికి వెళ్లిన సైమి తన కత్తి బురదలో పోగొట్టుకుంది. అప్పట్నుంచీ ఆవిడ నడుముకు ఖాళీ ఒర వేలాడుతూ ఉండేది. "కొత్తది కొనుక్కోరాదూ?" అంటే, "చూద్దాంలే మార్తక్కా, తొందరేముంది?" అనేది.

ఆగస్టులో ఒకనాడు అన్నయ్య భోజనం మధ్యలో చెంచా కింద పెట్టి, "నేను కత్తి కొంటాను," అన్నాడు.

నేను లేచి ఆయన నుదురు తాకి చూశాను. జ్వరం లేదు.

"కొనుక్కో, పుణ్యముంటుంది. రేపు పట్నం వెళ్లి ఒకటి తెచ్చుకో, పావుగంట పని," అన్నాను. ఆ మాట అన్నందుకు నన్ను నేనే చెప్పుచ్చుకు కొట్టుకోవాలి. పావుగంట కాదు, ఏడు వారాలు పట్టింది.

మొదటి వారమంతా చదువు. లైబ్రరీ బస్సు నుంచి పుస్తకాలు మోసుకొచ్చాడు. అన్నం దగ్గర ఉక్కు, సౌనా ఆవిరిగదిలో ఉక్కు, నేను పళ్లు తోముకుంటుంటే బాత్రూం తలుపు బయట నిలబడి ఉక్కు. తుప్పు పట్టని ఉక్కు మంచిదా, తుప్పు పట్టే పాతరకం ఉక్కు మంచిదా? కోసే అలుగు రేకు పిడిలో చివరిదాకా పోవాలా, మధ్యలో ఆగాలా?

"నువ్వు కోసేది సాసేజ్, అన్నయ్యా! దానికి పళ్లు కూడా అక్కర్లేదు, చిగుళ్లు చాలు," అని అరిచాను.

"మొదటి కత్తి కదే, ఆచితూచి ఎంచుకోవాలి," అన్నాడు నిమ్మకు నీరెత్తినట్టు.

రెండో వారం ఈయనగారికి ఇంకో ఆలోచన వచ్చింది. పోల్చి చూడాలట. పోల్చడానికి కత్తులు కావాలి కదా? ట్యాంకరు వెళ్లిన ప్రతి ఇంట్లోనూ అడిగి, పదకొండు కత్తులు అరువు తెచ్చాడు! కత్తి కొనడానికి కత్తులు అరువు తెచ్చే మనిషిని నేను నా జన్మలో చూడలేదు. వాటిని వంటింటి బల్ల మీద వరసగా పేర్చి, ఒక్కోదానితో ఒక టమాటా, ఒక కాగితం, ఒక రై ధాన్యపు రొట్టె కోసి నోటుబుక్కులో మార్కులు వేశాడు. ఆ సమయానికి పాస్టరుగారు మా ఇంటికొచ్చారు. బల్ల మీది కత్తుల్ని చూశారు. నా మొహం చూశారు. "మీ ఇద్దరి మధ్యా అంతా బాగానే ఉందా అమ్మా?" అని గుమ్మంలోంచే అడిగి, కాఫీ కూడా వద్దని వెళ్లిపోయారు. మా ఊళ్లో కాఫీ వద్దన్న పాస్టరును నేను మొదటిసారి చూశాను. పదకొండు రోజులు టమాటా సూపే తాగాం.

ఆ తర్వాత పట్నంలో కొట్టుకు నన్నూ లాక్కుపోయాడు. కళ్లద్దాల అమ్మాయి ఒకామె ఓపిగ్గా చూపించింది. వీపున రంపం పళ్లున్న కత్తి. పిడిలో దిక్సూచి ఉన్న కత్తి. పిడి మూత తిప్పితే గాలం, దారం, ఈల బయటికొచ్చే కత్తి.

"దారి తప్పితే ఈ ఈల ఊదొచ్చండీ," అంది ఆమె.

"మా అన్నయ్య దారి తప్పడమ్మా. రోజూ ఒకే రోడ్డు," అన్నాను.

అన్నయ్య ఈల వైపు చూడలేదు. జేబులోంచి తన కొలత టేపు తీసి, కనబడిన ప్రతి అలుగునూ కొలుస్తున్నాడు.

"తొమ్మిదిన్నర సెంటీమీటర్లు కావాలి," అన్నాడు.

"ఇది పది సెంటీమీటర్లండీ. చాలా మంచిది."

"వద్దు."

"అర సెంటీమీటరుకు ఏమవుతుందండీ?"

"ఎక్కువవుతుంది," అన్నాడు.

కొట్టులో ఉన్న నలభై మూడు కత్తుల్నీ కొలిచి, ఒక్కటీ కొనకుండా, ఆ అమ్మాయికి చెయ్యి కలిపి బయటికొచ్చాడు. నాకు ఒళ్లు మండిపోయి కారులో దారిపొడవునా మాట్లాడలేదు. ఆయనకు అది తెలియను కూడా లేదు, మా ఇద్దరికీ అలవాటే.

చివరికి నెస్తోరి దగ్గరికి వెళ్లాం. నెస్తోరికి ఎనభై మూడేళ్లు, మా ఊరి కమ్మరి, వేట మంట దగ్గరికి ఇప్పటికీ వస్తాడు. ఆయన చేసిన కత్తి నడుముకుంటే పెళ్లిలో కూడా తీయరు. వెళ్లేసరికి ఎండలో కూర్చుని బూట్లకు కొవ్వు రాసుకుంటున్నాడు.

"ఓహో, ఇల్మరి! కత్తి కోసం వచ్చావా? యాభై ఏళ్ల నుంచి చూస్తున్నా నీ కోసం. ఏదీ, చెయ్యి చాపు." అంటూ అన్నయ్య అరచేతిని తిప్పి తిప్పి చూశాడు. "పార లాంటి చెయ్యి. దీనికి పదకొండు సెంటీమీటర్ల అలుగు, లావుపాటి పిడి ఉండాలి."

"తొమ్మిదిన్నర," అన్నాడు అన్నయ్య. "వెడల్పు ఇరవై ఒక్క మిల్లీమీటర్లు. ఒక్క వెంట్రుక కూడా ఎక్కువ కాకూడదు. పిడి సన్నగా చెయ్యి, మామా."

"కత్తి నీ చేతికా, పక్కింటివాళ్ల చేతికా?"

అన్నయ్య చెవులు ఎర్రబడ్డాయి. "అంతే కావాలి," అన్నాడు.

"సరే, నీ ఖర్మ. ఒర ఏ రంగు?"

"ఒర వద్దు."

ఇక నేను ఆగలేకపోయాను. "ఒర లేకుండా కత్తేమిటి? జేబులో పెట్టుకుని తొడ కోసుకుంటావా? అసలే నెత్తురు చూస్తే పడిపోయే బాపతు!"

నెస్తోరి చెయ్యెత్తి నన్ను ఆపాడు. అన్నయ్య మొహంలోకి చాలాసేపు చూశాడు. ఉన్న నాలుగు పళ్లూ కనబడేలా నవ్వాడు. "వద్దంటే వద్దు. నూటయాభై యూరోలు. మూడు వారాలకు రా," అన్నాడు. ముసలాయనకు మతి పోయిందనుకున్నాను నేను.

కత్తి తయారైంది. అందం విషయంలో వంక పెట్టడానికి లేదు. తేనెరంగు బిర్చి చెక్క పిడి, మీద నీళ్లపై గాలి తిరిగినట్టు గీతలు. దాన్ని మా అన్నయ్య ఎందులో పెట్టుకున్నాడంటే, నేను అల్లిన ఉన్ని మేజోడులో!

అక్టోబరు మొదటి శనివారం. ఎల్క్ ఒక్కటీ కనబడలేదు, ఎవరికీ పెద్ద బెంగా లేదు. మంట వేశాం. రైమో ఒక్కొక్కరి నడుమూ తనిఖీ చేస్తూ వచ్చాడు. సైమి ఒర ఖాళీగా కనబడినా, గురి కుదిరే మనిషిని రోడ్డు మీదికి పంపలేక, చూడనట్టు దాటిపోయాడు.

"ఇల్మరీ, నీ కత్తి ఏదిరా?"

అన్నయ్య మేజోడు తీసి చూపించాడు.

"కత్తి అడిగితే మేజోడు చూపిస్తావేంట్రా? జతలో రెండోది ఏదీ, ఫోర్కా?"

అంతా పగలబడి నవ్వారు. అయినా లోపల కత్తి ఉంది కనుక నియమం ప్రకారం కూర్చోనిచ్చారు. సైమి పక్కన తన దుంగ మీద కూర్చున్నాడు, స్థానం దక్కింది, హమ్మయ్య అనుకున్నాను. కానీ మనిషి కుదురుగా ఉంటేనా! మేజోడు జేబులోంచి తీస్తాడు, మోకాలి మీద పెడతాడు, సైమి వైపు చూస్తాడు, గుటక మింగుతాడు, మళ్లీ జేబులో పెడతాడు. రెండు గంటలు ఇదే వరస. నేను బఠాణీ సూపు గిన్నె అందించబోతే, మేజోడు పట్టుకున్న చెయ్యే చాపాడు. ఉన్నిని చీల్చుకుని బయటికొచ్చిన మొన నా కొత్త కోటు చేతిలోంచి సర్రున దూసుకుపోయింది.

"నీ కత్తి మండ! ఎక్కడో ఒకచోట పెట్టి చావలేవూ?" అని అడవి దద్దరిల్లేలా అరిచాను. "ఇదిగో, సైమి ఒర ఖాళీగానే ఉంది కదా, అందులో పెట్టు!"

అన్నయ్య నా వైపు చూశాడు. సైమి వైపు చూశాడు. మేజోడులోంచి కత్తి తీసి, ఆవిడ నడుముకున్న ఒరలో పెట్టాడు. టక్కుమని కూర్చుంది. వదులూ లేదు, బిగువూ లేదు.

పద్నాలుగు మందిలో ఒక్కరూ నమలడం లేదు. రైమో పుల్లకున్న సాసేజ్ జారి మంటలో పడింది. నెస్తోరి టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. అప్పుడు వెలిగింది నాకు, నేను ఎంత ఘోరంగా పప్పులో కాలేశానో.

మా అమ్మమ్మ కాలంలో పెళ్లీడు ఆడపిల్ల నడుముకు ఖాళీ ఒర కట్టుకుని చర్చికి వచ్చేది. మనసుపడ్డవాడు వచ్చి తన కత్తి అందులో పెట్టేవాడు. ఇష్టం లేకపోతే, వారం గడిచాక వచ్చే ఆదివారం చర్చి గంట కొట్టేలోగా ఆ కత్తి తెచ్చి వాడి ఇంటి తలుపు చట్రానికి గుచ్చి వెళ్లేది. గుచ్చకపోతే పెళ్లే. ఇప్పుడు ఎవరూ అలా చేయరు. కానీ మర్చిపోయినవాళ్లూ ఎవరూ లేరు. మా అమ్మమ్మకు తాతయ్య పెట్టిన కత్తే, నేను చేపలు కోసే కత్తి. అంతా తెలిసిన నేనే నోరు పారేసుకున్నాను!

అన్నయ్య మొహం పాలకంటే తెల్లగా ఉంది. సైమి తల వంచి ఒర వైపు చూసుకుంది. నెమ్మదిగా కత్తి పైకి లాగింది. అయిపోయింది, ఇప్పుడే అన్నయ్య మొహాన కొడుతుంది అనుకున్నాను. ఆవిడ తన సాసేజ్‌ను అడ్డంగా కోసి, ముక్క తిని, అలుగును ప్యాంటుకు తుడిచి, కత్తిని మళ్లీ తన ఒరలోనే పెట్టుకుంది.

"పదునుంది," అంది. "రైమో, ఆ ఆవ సాస్ ఇటివ్వు."

ఆ తర్వాత నలభై నిమిషాలు మేమంతా వాన గురించి మాట్లాడాం. ఆ రోజు వాన లేదు. కాఫీ అయిపోగానే ఎవరి కారు వాళ్లు ఎక్కేశారు, మా ఊరి పద్ధతి అది.

ఇక ఆ ఎనిమిది రోజుల సంగతి చెబుతాను వినండి. ప్రతి ఉదయం అన్నయ్య చొక్కా కూడా వేసుకోకుండా తలుపు తీసి చట్రం తడిమి చూసేవాడు. సోమవారం పాలకు వెళ్లొచ్చాడు.

"ఏమంది?" అన్నాను.

"నాలుగు డిగ్రీలు."

"కత్తి సంగతి?"

"ఆవిడ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు."

బుధవారం మూడున్నర. శుక్రవారం మళ్లీ నాలుగు. తిండి మానేశాడు. టమాటా సూపు పెట్టినా తిట్టలేదు. ఇరవై ఏళ్లుగా కూర్చున్న దుంగ మీద ఇక మొహం ఎత్తుకుని ఎలా కూర్చుంటాడు? నా నోటి దురద వల్ల మనిషి ఉన్న నాలుగు నిమిషాలూ పోగొట్టుకున్నాడు. శుక్రవారం మధ్యాహ్నం సైకిలెక్కి సైమి ఇంటికి వెళ్లాను.

"సైమీ, అన్నయ్య తప్పేం లేదు," అన్నాను గుమ్మంలోనే. "నేనే కోపంలో అరిచాను. ఆ కత్తి నా చేతికిచ్చెయ్యి, తలుపుకు గుచ్చొద్దు, అన్నయ్య తట్టుకోలేడు. అందరం మర్చిపోదాం."

"కాఫీ తాగుదువు గాని, కూర్చో మార్తక్కా," అంది. చెంచా కోసం సొరుగు లాగింది. సొరుగులో చెంచాల పక్కన సైమి పాత కత్తి.

నేను నోరు వెళ్లబెట్టాను. "ఇది బురదలో పోయిందన్నావుగా!"

"పోయింది. అరగంట దేవితే దొరికింది."

"మరి జూలై నుంచి ఖాళీ ఒర కట్టుకుని ఊరంతా తిరిగావెందుకే?"

సైమి కాఫీ పోసింది. చెవుల దాకా ఎర్రబడింది, యాభై మూడేళ్ల మనిషి. "ఇరవై ఏళ్లు నా కత్తి తీసుకుని, ఇచ్చినదానికంటే పదునుగా తిరిగిచ్చాడు. సాసేజ్ కోస్తే కత్తికి పదును పెరుగుతుందా? ట్యాంకరు క్యాబిన్‌లో సానరాయి పెట్టుకున్నాడు మీ అన్నయ్య. సొంత కత్తి లేని మనిషికి సానరాయి దేనికక్కా? ఇలా అరువుతోనే ముసలివాళ్లమైపోతామని భయమేసింది. నా కత్తి లేకుండా చేస్తే ఏం చేస్తాడో చూద్దామనుకున్నా."

ఆవిడ కొత్త కత్తి తీసి చేత్తో పట్టుకుంది. సన్నటి పిడి ఆవిడ వేళ్లలో సరిగ్గా ఇమిడిపోయింది. తొమ్మిదిన్నర! ఇరవై ఒక్క మిల్లీమీటర్లు! నేను కుర్చీలో కూలబడ్డాను.

"ఒర ఎప్పుడు కొలిచాడు?" అన్నాను.

"ఆగస్టులో. నా బెల్టు పాలగదిలో మేకుకు తగిలించి ఆవుల దగ్గరికి వెళ్లాను. వచ్చేసరికి కొలత టేపు అక్కడే మర్చిపోయాడు. రెండు రోజులు తెగ వెతుక్కున్నాడు పాపం. నేనే ట్యాంకరు మెట్టు మీద పెట్టొచ్చా."

ఇంటికి ఎలా వచ్చానో నాకే తెలియదు. అన్నయ్య వంటింట్లో కిటికీ దగ్గర కూర్చున్నాడు.

"కావాలనే పెట్టావా ఆ కత్తి?" అని అడిగాను.

"పెడదామనే వెళ్లా. ధైర్యం చాల్లేదు. ఇంతలో నువ్వు అరిచావు."

"నేను అరవకపోతే?"

కాసేపు నిజాయితీగా ఆలోచించాడు. "వచ్చే ఏడు చూద్దామనుకున్నా," అన్నాడు.

నెస్తోరికి తెలుసు. సైమికి తెలుసు. టమాటాలు కోసి మార్కులు వేసిన నోటుబుక్కుకూ తెలుసు. పక్కనే ఉండి ఏడు వారాలు తిట్టిపోసిన నాకే తెలియలేదు. ఆ రాత్రి సైమి ఇంట్లో విన్నదేదీ ఆయనకు చెప్పలేదు. ఇంకో రెండు రోజులు తలుపు తడుముకోనీ అనుకున్నాను, నాకూ కొంచెం కసి ఉంటుంది కదా. శనివారం జోరువాన, వేట మానేశారు. ఆదివారం చర్చి గంట కొట్టింది. చట్రం నున్నగా ఉంది. అన్నయ్య అరుగు మీద కూర్చుని, చేతులతో మొహం కప్పుకుని, చాలాసేపు ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, ఉల్లిపాయలు తరుగుతున్నానని చెప్పాను.

తర్వాతి శనివారం మళ్లీ వేట. రైమో మళ్లీ తనిఖీకి వచ్చాడు.

"ఇల్మరీ, కత్తి ఏదిరా?"

అన్నయ్య సైమి నడుము వైపు చూశాడు.

"అది సైమి కత్తి," అన్నాడు రైమో, నవ్వు ఆపుకోలేక మొహం వంకరవుతుంటే. "నీది కాదు. నియమం నియమమే. పట్టు ఎర్రజెండా!"

అన్నయ్య మారుమాట్లాడకుండా జెండా తీసుకుని రోడ్డు వైపు నడిచాడు. సైమి తన సూపు గిన్నె ఎత్తుకుని, దుంగ మీంచి లేచి, ఆయన వెనకే వెళ్లింది. మా వేట బృందంలో గురి కుదిరే ఏకైక మనిషి అలా వెళ్లిపోయాక, ఆ రోజు కూడా ఎల్క్ ఒక్కటీ పడలేదు.

సాసేజ్‌లు నేనే మోసుకెళ్లాను. రోడ్డు పక్కన రెండు పాల డబ్బాలు బోర్లించుకుని కూర్చున్నారు. అరగంటలో ఒక్క కారూ రాలేదట. అన్నయ్య సాసేజ్ అందుకుని, పక్కకు చూడకుండానే చెయ్యి చాపాడు.

"సైమీ, కత్తి ఒకసారి ఇస్తావా?"

ఆవిడ ఒరలోంచి తీసి ఆయన చేతిలో పెట్టింది. "మళ్లీ తిరిగివ్వాలి సుమా," అంది.